ఫోన్ నాన్నది, వయసు బాబుది: పిల్లల కోసం వస్తున్న చట్టాలు మన ఇంటి గడప దగ్గర ఎందుకు ఆగిపోతున్నాయి

ఆస్ట్రేలియాలో 2025 డిసెంబర్ 10 నుంచి పదహారేళ్ల లోపు పిల్లలకు సోషల్ మీడియా ఖాతాలు ఉండకూడదు. ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్, స్నాప్‌చాట్, యూట్యూబ్ లాంటి పది వేదికలు ఆ చట్టం కిందికి వస్తాయి. ఖాతా తెరిచినందుకు పిల్లలకు గానీ తల్లిదండ్రులకు గానీ శిక్ష లేదు. ఆపే ప్రయత్నం సరిగా చెయ్యని కంపెనీకి మాత్రం 4 కోట్ల 95 లక్షల ఆస్ట్రేలియా డాలర్ల దాకా జరిమానా పడొచ్చు. మొదటి కొన్ని వారాల్లోనే సుమారు 47 లక్షల ఖాతాలు మూతపడ్డాయని అక్కడి ప్రభుత్వం 2026 జనవరిలో ప్రకటించింది. అదే నెలలో ఆంధ్రప్రదేశ్ ఐటీ మంత్రి నారా లోకేశ్ దావోస్‌లో మాట్లాడుతూ, తమ రాష్ట్రం కూడా ఆ చట్టాన్ని పరిశీలిస్తోందన్నారు.

ఈ వార్త మన తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లోనూ తిరిగింది. "మన దగ్గర కూడా ఇలాంటిది వస్తే మా తలనొప్పి పోతుంది" అన్నవాళ్లే ఎక్కువ. ఆ ఆశ అర్థం చేసుకోదగ్గదే. అయితే చంద్రపూర్, బల్లార్‌పూర్, రాజురాలో మనలాంటి ఇళ్లలో ఆ తలనొప్పి చట్టంతో పోతుందా అన్నది వేరే ప్రశ్న. కొంచెం వివరంగా చూద్దాం.

చాలామందికి తెలియని విషయం ఒకటుంది: మన దేశంలో పిల్లల కోసం చట్టం ఇప్పటికే ఉంది. పేరు డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం. 2023 ఆగస్టులో రాష్ట్రపతి సంతకం అయింది. దాని నియమాలు 2025 నవంబర్‌లో వచ్చాయి. పిల్లలకు సంబంధించిన నిబంధనలు పూర్తిగా అమల్లోకి రావడానికి ఆ రోజు నుంచి పద్దెనిమిది నెలల గడువిచ్చారు, అంటే 2027 మే నెల దాకా ఆగాలి. మన చట్టంలో పిల్లలంటే పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లందరూ. వాళ్ల వివరాలు తీసుకోవాలంటే కంపెనీ ముందుగా తల్లి లేదా తండ్రి అనుమతి తీసుకోవాలి. ఆ అనుమతి ఇస్తున్నది నిజంగా పెద్దవాళ్లేనా అని సరిచూసుకోవాలి కూడా. పిల్లలు ఏం చూస్తున్నారో వెంటాడి గమనించడం, దాన్నిబట్టి వాళ్లకు గురిపెట్టి ప్రకటనలు చూపించడం నిషిద్ధం. ఈ బాధ్యతలు తప్పితే జరిమానా 200 కోట్ల రూపాయల దాకా వెయ్యొచ్చు. చదువు చెప్పే పని కోసం, పిల్లల భద్రత కోసం బడులకు కొంత మినహాయింపు ఉంది.

కాగితం మీద ఇది చిన్న రక్షణేమీ కాదు. కంపెనీలు కూడా కొంత దారికి వస్తున్నాయి. ఇన్‌స్టాగ్రామ్ 2025 ఫిబ్రవరిలో మన దేశంలోనూ టీన్ అకౌంట్లు మొదలుపెట్టింది. పద్దెనిమిదేళ్ల లోపు వాళ్ల ఖాతా దానంతటదే ప్రైవేట్ అవుతుంది. పరిచయం లేనివాళ్లు మెసేజ్ పంపలేరు. రోజుకు గంట దాటితే గుర్తుచేస్తుంది. రాత్రి పది నుంచి పొద్దున ఏడు దాకా నోటిఫికేషన్లు మోగవు. పదహారు లోపు వాళ్లు ఈ కట్టుబాట్లు సడలించుకోవాలంటే అమ్మానాన్నల అనుమతి కావాలి.

ఇప్పుడు మన ఇంటికొద్దాం. నాన్న మొదటి షిఫ్టుకు గనికి వెళ్తాడు, మూడు నాలుగు గంటలకు ఇంటికొస్తాడు. స్నానం చేసి కాసేపు నడుం వాల్చగానే ఫోన్ బాబు చేతికి వెళ్తుంది. రెండో షిఫ్టు వారం అయితే పొద్దున బడికి వెళ్లేదాకా ఆ ఫోన్ ఇంట్లోనే. అమ్మ ఫోన్ ఉంటే అది చెల్లెలి చేతిలో. ఆ ఫోన్‌లో గూగుల్ ఖాతా నాన్నది. అందులో పుట్టిన సంవత్సరం 1984 అనో 1987 అనో ఉంటుంది. యూట్యూబ్ దృష్టిలో ఆ తెర ముందు కూర్చున్నది నలభై ఏళ్ల మనిషి. ఆరో తరగతి పిల్లాడని దానికి చెప్పేవాళ్లెవరు? టీన్ అకౌంట్ రాదు, రాత్రి పది గంటల నిశ్శబ్దం రాదు, ప్రకటనల నిషేధం వర్తించదు. పైన చెప్పుకున్న రక్షణలన్నీ ఎదురుగా పిల్లవాడు ఉన్నాడని కంపెనీకి తెలిసినప్పుడే పని చేస్తాయి. మన ఇంట్లో ఆ సంగతి దానికి తెలిసే వీలే లేదు.

ఇదేదో మన కోల్ మైన్ కాలనీల సమస్య మాత్రమే అనుకోకండి. గ్రామీణ భారతంలో పిల్లల చదువు మీద సర్వే చేసే అసర్ నివేదిక 2024 సంవత్సరానికి 14 నుంచి 16 ఏళ్ల పిల్లల్ని ఫోన్ గురించి అడిగింది. వందలో సుమారు తొంభై ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ ఉంది. ఎనభై రెండు మందికి దాన్ని వాడటం వచ్చు. వాడటం వచ్చినవాళ్లలో సొంత ఫోన్ ఉన్నది వందకు 31 మందికే. పదహారేళ్ల వాళ్లలో కూడా 38 మందికి మించదు. మిగతావాళ్లంతా అమ్మదో, నాన్నదో, అన్నదో వాడుతున్నారన్నమాట. సొంత ఫోన్ విషయంలో ఆడపిల్లలు మగపిల్లల కంటే వెనకే ఉన్నారు: మగపిల్లలు వందకు 36, ఆడపిల్లలు 27. అంటే మన ఆడపిల్లల్లో ఇంకా ఎక్కువమంది పెద్దవాళ్ల ఖాతాల్లోనే తిరుగుతున్నారు.

అదే నివేదికలో ఇంకో లెక్క. సర్వేకు ముందు వారంలో ఫోన్‌తో చదువుకు సంబంధించిన పని చేసినవాళ్లు 57 శాతం, సోషల్ మీడియా చూసినవాళ్లు 76 శాతం. ఆ సోషల్ మీడియా వాడేవాళ్లలో ఎవరినైనా బ్లాక్ చెయ్యడం గానీ ఫిర్యాదు చెయ్యడం గానీ తెలిసినవాళ్లు 62 శాతం. ప్రొఫైల్‌ను ప్రైవేట్ చేసుకోవడం తెలిసినవాళ్లు 55 శాతం. వాడటం నేర్చుకున్న వేగానికి తలుపు గడియ పెట్టుకోవడం నేర్చుకున్న వేగం సరిపోలేదు.

పెద్దల అనుమతి అనే మాట కూడా ఉమ్మడి ఫోన్‌లో తమాషా అయిపోతుంది. బీజీఎంఐ ఆట సంగతే చూడండి. 2020 సెప్టెంబర్‌లో పబ్‌జీని ప్రభుత్వం నిషేధించింది. మరుసటి ఏడాది అదే ఆట బీజీఎంఐ పేరుతో వచ్చింది. మధ్యలో మళ్లీ ఆపేశారు, 2023లో మళ్లీ తెరిచారు. అందులో పద్దెనిమిది లోపు వాళ్లకు రోజుకు మూడు గంటలే అని నియమం ఉంది. మొదట పెద్దవాళ్ల నంబర్‌కు ఓటీపీ వెళ్తుంది. మరి ఆ నంబర్ ఎక్కడుంది? పిల్లాడి చేతిలో ఉన్న ఫోన్‌లోనే. అడిగేది వాడే, అనుమతిచ్చేదీ వాడే! అసలు వయసు పద్దెనిమిది దాటిందని నొక్కేస్తే ఆ ఓటీపీ బాధ కూడా లేదు. రేపు డేటా చట్టం కింద వచ్చే అనుమతులు కూడా ఇలాగే ఒక ఓటీపీకి దిగజారితే, 200 కోట్ల జరిమానా భయం కంపెనీకి ఉంటుంది గానీ మన పిల్లవాడికి ఒరిగేది తక్కువ. డిజీలాకర్ ద్వారా పెద్దవాళ్ల వయసు సరిచూసే పద్ధతిని నియమాల్లో పెట్టారు. అది ఓటీపీ కంటే మేలు. కానీ డిజీలాకర్ పిన్ కూడా పిల్లలకే తెలిసిన ఇళ్లు లేవా? స్కాలర్‌షిప్ ఫారాలు నింపేది, జాతి ప్రమాణపత్రం అప్‌లోడ్ చేసేది వాళ్లే కదా.

నిషేధాల చరిత్ర కూడా ఒకసారి గుర్తు చేసుకోవాలి. టిక్‌టాక్‌ను 2020 జూన్ 29న ఆపేశారు. ఆ తర్వాత పది రోజుల్లోపే ఇన్‌స్టాగ్రామ్‌లో రీల్స్ వచ్చాయి. ఫ్రీ ఫైర్‌ను 2022 ఫిబ్రవరిలో ఆపితే పిల్లలు ఫ్రీ ఫైర్ మ్యాక్స్‌కు మారారు. ఏ పిల్లాడినడిగినా ఇది నాకంటే బాగా చెబుతాడు. 2025 ఆగస్టులో పార్లమెంటు తెచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం మాత్రం నా దృష్టిలో నిజంగా ఉపయోగపడింది. డబ్బు పెట్టి ఆడే రమ్మీ, ఫాంటసీ ఆటల్ని మూసేసింది. ఆ ప్రకటనలు క్రికెట్ మ్యాచ్ మధ్యలో పిల్లల కళ్లముందు ఆడటం ఆగింది. అయితే ఆటలో డైమండ్లు, యూసీ, కొత్త బట్టలు, తుపాకీలు కొనుక్కోవడం పందెం కాదు గనుక ఆ చట్టం కిందికి రాదు. నాన్న ఫోన్‌లో యూపీఐ ఉంది, ప్లే స్టోర్‌కు దాన్ని జోడించి ఉంది, పిన్ ఏమిటో ఇంటిల్లిపాదికీ తెలుసు. చిన్న చిన్న మొత్తాలుగా డబ్బు పోతుంటే పాస్‌బుక్ ప్రింట్ తీయించేదాకా ఎవరూ చూడరు.

చట్టం కోసం ఎదురుచూడకుండా ఊళ్లకు ఊళ్లే ఏదో చేశాయి, అదీ మన రాష్ట్రంలోనే. సాంగ్లీ జిల్లాలో మోహిత్యాంచే వడ్‌గావ్ అనే ఊరుంది, జనాభా మూడు వేల పైచిలుకు. కరోనా కాలంలో ఆన్‌లైన్ క్లాసుల కోసం చేతికొచ్చిన ఫోన్లు బడులు తెరిచాక కూడా పిల్లలు వదలడం లేదని 2022లో గ్రామసభ పెట్టుకున్నారు. సాయంత్రం ఏడు గంటలకు గుడి మీద సైరన్ మోగుతుంది. టీవీలు, ఫోన్లు ఆగిపోతాయి. ఎనిమిదిన్నరకు మళ్లీ సైరన్. ఆ గంటన్నర పిల్లలకు చదువు. అదే ఏడాది నవంబర్‌లో మన పక్క జిల్లా యవత్మాళ్‌లో బాన్సీ గ్రామ పంచాయతీ ఇంకా గట్టిగా వెళ్లింది: పద్దెనిమిది లోపు వాళ్లకు మొబైలే వద్దని తీర్మానం చేసింది.

ఈ రెండింటిలో నాకు నచ్చింది మొదటిది. కారణం సైరన్ కాదు. ఆ గంటన్నర అక్కడ పెద్దవాళ్ల ఫోన్లు కూడా ఆగుతాయి, టీవీ సీరియల్ కూడా ఆగుతుంది. బాన్సీ తీర్మానం పిల్లలకే. ఇప్పుడు లెక్కల హోంవర్కు వాట్సాప్‌లో వస్తుంది, పాఠ్యపుస్తకాలు ఈ-బాల్‌భారతీ సైట్‌లో పీడీఎఫ్‌గా దొరుకుతాయి, దహావీ ఫలితాలు ఆన్‌లైన్‌లోనే చూసుకోవాలి. పూర్తిగా వద్దంటే నడవదు.

పైగా సాంగ్లీ పద్ధతిని చంద్రపూర్‌లో ఉన్నదున్నట్టు దించుకోలేం. మన దగ్గర ఏడు గంటలకు ఇంటిల్లిపాదీ ఉండే ఇల్లు తక్కువ, షిఫ్టులు వారం వారం మారతాయి. "ఫోన్ పక్కన పెట్టి బయట ఆడుకోండి" అని చెప్పడం కూడా అంత తేలిక కాదు. మే నెలలో పొద్దున పదకొండు నుంచి సాయంత్రం ఐదు దాకా నలభై ఐదు డిగ్రీల ఎండ. దుర్గాపూర్, ఊర్జానగర్ వైపు చీకటి పడితే చిరుతల భయం. వేసవి సెలవుల్లో పిల్లలు కూలర్ ముందే ఉంటారు, ఫోన్ కూడా అక్కడే ఉంటుంది. నగరాల కోసం రాసిన సలహాలు మన ఎండను లెక్కలోకి తీసుకోవు.

మరి మన ఇళ్లలో ఏం సాధ్యం? నా ఉద్దేశంలో అన్నిటికంటే ముందు చెయ్యాల్సింది పిల్లవాడి వయసు ఫోన్‌కు తెలిసేలా చెయ్యడం. పాత హ్యాండ్‌సెట్ ఒకటి ఇంట్లో పడి ఉంటే దానికి ప్రాణం పొయ్యండి. గూగుల్‌లో పిల్లవాడి పేరుతో, నిజమైన పుట్టిన తేదీతో ఖాతా తెరవండి. దాన్ని ఫ్యామిలీ లింక్ అనే యాప్‌తో మీ ఫోన్‌కు కలపండి. ఈ యాప్ ఉచితం. రోజుకు ఎంతసేపు, రాత్రి ఎన్నింటికి ఆగాలి, కొత్త యాప్ దించుకోవాలంటే ఎవరిని అడగాలి అన్నీ మీ ఫోన్ నుంచే పెట్టొచ్చు. రెండో షిఫ్టులో ఉన్న నాన్నకు కూడా డ్యూటీ మధ్యలో అనుమతి అడుగుతూ కబురొస్తుంది. పుట్టిన తేదీ మాత్రం అబద్ధం రాయకండి. "పదమూడేళ్లు నిండితే గానీ ఒప్పుకోవట్లేదు, రెండేళ్లు ఎక్కువేశాం" అనే మాట చాలా ఇళ్లలో వింటాం. ఆ రెండేళ్లతో ఈ రోజు ఖాతా తెరుచుకుంటుంది. పిల్లకు పదహారేళ్లు వచ్చేసరికి ఆ ఖాతా పద్దెనిమిదేళ్లదై, కట్టుబాట్లన్నీ ఊడిపోతాయి.

పాత ఫోన్ లేదు, ఉన్నది ఒక్కటే అనేవాళ్లకు దారి కొంచెం ఇరుకు. ప్లే స్టోర్ సెట్టింగుల్లో ఏది కొన్నా ప్రతిసారీ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టుకోండి. పేరెంటల్ కంట్రోల్స్ అని ఉంటుంది, దానికి పిల్లలకు తెలియని పిన్ పెట్టండి. యూపీఐ పిన్ ఈ రోజే మార్చండి. చిన్నపిల్లలకైతే మామూలు యూట్యూబ్ బదులు యూట్యూబ్ కిడ్స్ తెరిచి ఇవ్వండి. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో యాప్ పిన్నింగ్ అనే సదుపాయం ఉంది. హోంవర్కు పీడీఎఫ్ తెరిచి పిన్ చేసి ఇస్తే, లాక్ తెలియకుండా పిల్లలు దాంట్లోంచి బయటికి రాలేరు. లాక్ వాళ్లకు తెలిసిపోయి ఉంటే ఇదంతా వృథా శ్రమే!

ఉమ్మడి ఫోన్‌లో ఇంకో చిక్కుంది, దాని గురించి మనం మాట్లాడుకోం. యూట్యూబ్ మనం చూసినదాన్నిబట్టి తర్వాత ఏం చూపాలో ఎంచుకుంటుంది. రాత్రి పెద్దవాళ్లు చూసినవే పొద్దున పిల్లల ముందుకొస్తాయి. నేర వార్తలు, రాజకీయ తిట్లు, ఇంకా చెప్పుకోలేనివి. పిల్లవాడు వెతకలేదు, ఫోనే తెచ్చిచ్చింది. వాడిని కొట్టే ముందు హిస్టరీలో తేదీ, సమయం చూడండి. ఆటోప్లే ఆపేస్తే ఒక వీడియో అయ్యాక ఇంకోటి దానంతటదే మొదలవ్వదు. ఆ మీట వీడియో తెర మీదే ఉంటుంది.

కంప్యూటర్ ఉన్న ఇళ్లలో పని కొంచెం సులువు. దాన్ని హాల్లో, తెర అందరికీ కనిపించేలా పెట్టాలి. విండోస్‌లో పిల్లలకు వేరే యూజర్ ఖాతా చెయ్యాలి. ప్రాజెక్టుల సీజన్‌లో తలుపేసుకుని చేసే ప్రాజెక్టు సగం రోజు పడుతుంది, హాల్లో అయితే గంటలో అయిపోతుందని మన తల్లులకు బాగా తెలుసు.

భాష సంగతి కూడా చెప్పాలి. ఇంట్లో మనం తెలుగు మాట్లాడతాం. ఫోన్ మాత్రం ఇంగ్లీషులోనో హిందీలోనో ఉంటుంది. సెట్టింగ్స్‌లోకి వెళ్లాలంటే అమ్మ పిల్లాడినే పిలుస్తుంది. కాపలా కాయాల్సిన తాళంచెవి దొంగ చేతికే ఇచ్చినట్టు! పిల్లల్ని దొంగలంటున్నానని కోపం తెచ్చుకోకండి, సామెత అలా ఉంది. ఆండ్రాయిడ్ ఫోన్‌ను పూర్తిగా తెలుగులోకి మార్చుకోవచ్చు. రెండు రోజులు కొత్తగా ఉంటుంది, తర్వాత అమ్మకు ఎవరి సాయమూ అక్కర్లేదు. బడిలో తెలుగు చదవడం నేర్చిన పిల్లలకూ అది లాభమే.

దొంగచాటుగా పిల్లల మెసేజ్‌లు చదివే యాప్‌ల గురించి కొందరు అడుగుతున్నారు. వాటి జోలికి పోకపోవడమే మంచిది. పెట్టినట్టు పిల్లలకు ఎప్పుడో తెలుస్తుంది, తెలిసిన రోజు నుంచి వాళ్లు స్నేహితుడి ఫోన్‌లో మాట్లాడతారు. ఫ్యామిలీ లింక్ లాంటివి పిల్లలకు చెప్పి, వాళ్ల ముందే పెట్టేవి. పెట్టే రోజున గంటలెన్నో బేరమాడనివ్వండి. సెలవుల్లో ఇంకో గంట అడుగుతారు, ఇవ్వొచ్చు.

విద్యార్థులకు కూడా రెండు మాటలు. ఆటలో పరిచయమైనవాళ్లు ఫోటో అడిగినా, డైమండ్లు ఇస్తామని ఓటీపీ అడిగినా, ఏదైనా ఫోటో బయటపెడతామని బెదిరించినా, ముందు ఆ చాట్ డిలీట్ చెయ్యకండి. స్క్రీన్‌షాట్ తీసి ఇంట్లోనో, నమ్మకమున్న టీచర్‌కో చూపించండి. ఒక్క రూపాయి కూడా పంపకండి. పద్దెనిమిది లోపు వాళ్ల అసభ్య చిత్రాలు అడగడం, పంపడం, దాచుకోవడం పోక్సో చట్టం, ఐటీ చట్టం కింద నేరం. బెదిరించినవాడు కూడా మీ వయసువాడే అయినా అంతే. డబ్బు పోతే 1930కి వెంటనే ఫోన్ చెయ్యాలి. ఎంత త్వరగా చేస్తే బ్యాంకులో ఆ డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ. ఇతర ఫిర్యాదులకు సైబర్ క్రైమ్ పోర్టల్ ఉంది, పిల్లల అసభ్య చిత్రాల మీద ఫిర్యాదైతే పేరు చెప్పకుండా కూడా ఇవ్వొచ్చు. పిల్లలు తమంతట తాము సాయం అడగడానికి 1098 రాత్రీపగలూ పని చేస్తుంది.

పెద్దవాళ్లు ఇక్కడ ఒక హామీ ఇవ్వాల్సి ఉంటుంది. ఇలాంటివి పిల్లలు వారాల తరబడి దాచిపెట్టడానికి కారణం సిగ్గు కొంత, "చెబితే ఫోన్ లాగేసుకుంటారు, బడి మానిపిస్తారు" అనే భయం చాలా. ఆడపిల్లల్లో ఈ భయం మరీ ఎక్కువ. చెప్పినందుకు ఫోన్ తీసుకోమని, బడి మానిపించమని ఈ రోజు సాయంత్రమే, ఏ గొడవా లేనప్పుడే, పిల్లలతో అనండి.